సభలో నిలిచి మాటాడుట



బోరబండ యను పేరు మీలో కొందఱు విని యుందురు. హైదరాబాదు నగరమున అమీరుపేటకు పడమటగా, సనత్‌నగరు కర్మాగారములకు చేరువగా ఉన్న పేట యది. కూలికై, కొలువుకై మీ గ్రామములనుండి తరలివచ్చిన కుటుంబములు అందు పెక్కు గలవు. అచ్చటివారు తమ వాడలను మొదటి సైటు, రెండవ సైటు, మూడవ సైటు అని లెక్కపెట్టి పిలుచుకొందురు. గోడకు ఇవతల తెలుగు, అవతల ఉర్దూ వినబడును. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి పదవీవిరమణము చేసిన పిమ్మట నేనును ఆ పేటలోనే కాపురముంటిని.

ఏప్రిలు తుదినుండి జూను రెండవ వారము వఱకు బడులకు సెలవులు. ఆ దినములలో ఎండ ముదురకముందే ఉన్నత పాఠశాల విద్యార్థులు కొందఱు నాయొద్దకు వచ్చెదరు. వారికి సభలో మాటాడుటయు, వాదము చేయుటయు నేర్పుదును. పంపించు తలిదండ్రులు చెప్పు మాట ఒక్కటే: “మావానికి నలుగురిలో మాట్లాడుడు నేర్పుండ్రి సార్.” వారి బాధ నాకు తెలియును. అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు వీథివీథికిని గలవు. చదువంతయు ముగించిన యువకుడు కొలువు కోరి పెద్దల ఎదుట కూర్చున్నపుడు తన పేరు చెప్పుకొనుటకే తడబడును. అందువలన వేసవిలో మాటకు మెఱుగు పెట్టించిన చాలునని వారి తలంపు.

నేనును మొదట అట్లే తలచితిని. కాని సభలో మాటాడుట యనునది మాటాడువాని ఒక్కని పని కాదు. ఈ సంగతి తెలియుటకు మన నగరమునందే నూఱేండ్లకు వెనుక జరిగిన ఒక సభను తలచుకొనవలెను.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులో వివేకవర్ధిని నాటకశాలయందు సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షులు సామాన్యులు కారు. పుణెలో స్త్రీల విద్యకై జీవితమును ధారపోసిన మహర్షి కార్వే గారు. సభలో కొందఱు ఆంగ్లమున మాటాడిరి, కొందఱు ఉర్దూలో, కొందఱు మరాఠీలో మాటాడిరి. అందఱును ఓపికతో వినిరి. అంతట ఆలంపల్లి వెంకటరామారావు గారను న్యాయవాది లేచి తెలుగున మాటాడ మొదలిడెను. వెంటనే నవ్వులు, చప్పట్లు, గోల! మాట సాగలేదు. నిజాము రాజ్యమున ఆనాడు దాదాపు సగము మంది తెలుగువారు. వారి భాష, వారి రాజధానిలో, వారు కూర్చుండి యున్న సభలో, నవ్వులపాలయ్యెను.

ఇందలి విపరీతమును గమనింపుడు. నవ్వినవారు మూర్ఖులు కారు. వితంతువుల దుఃఖము, బాలికల విద్య మొదలగు విషయములను గుఱించి హృదయములు కరగి యచ్చటికి వచ్చిన విద్యావంతులు. సంఘమును సంస్కరింప వచ్చినవారికి పొరుగువాని మాట వినుట మాత్రము చేతకాలేదు.

ఆ రాత్రియే కొందఱు తెలుగువారు టేకుమాల రంగారావు గారి యింట సమావేశమైరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు, మందుముల నర్సింగరావు మొదలగువారు అందు జేరినవారు. ఆంధ్రజనసంఘము అట్లు పుట్టినది. తరువాత గ్రంథాలయములు, పాఠశాలలు, వెట్టిచాకిరిపై పోరాటము, ఆంధ్రమహాసభ - ఇవన్నియు ఆ మొలకకు సాగిన కొమ్మలు. ఒక వక్తను మాటాడనీయకుండుటచేత ఒక ఉద్యమము పుట్టుట చరిత్రలో తఱుచుగా జరుగునది కాదు. ఆ నాటికి ఇరువది యేండ్లకు ముందే, 1901 సెప్టెంబరు 1వ తేదీన, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము ఈ నగరమునందు వెలసియుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు గారలు దానికి కారకులు. అనగా చదువుకొనుటకు తెలుగునకు ఒక యిల్లు ఉండెను; నిలిచి మాటాడుటకు మాత్రము సభ లేకుండెను.

ఒక్క మాట నడుమ చెప్పి ముందునకు పోయెదను. ఈ కథ విన్నప్పుడెల్ల మన పిల్లలు మరాఠీవారిపై కోపము తెచ్చుకొందురు. వారికి నేను దీని తరువాతి అధ్యాయమును గూడ చెప్పుదును. మాడపాటివారు 1928లో తెలుగు బాలికలకై ఉన్నత పాఠశాలను స్థాపించినపుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగా గలదగుటచే ఆ పాఠశాలకు అందు చోటు దొరకలేదు. అపుడు ఆ బాలికల పరీక్షలకు నీడ నిచ్చినది కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయమే. కావున నాటి సభను జాతుల కలహముగా చెప్పుట నాకు సమ్మతము కాదు. అది వినువారి తప్పు. వినువాడు ఏ భాషవాడైనను ఆ తప్పు చేయగలడు. దీనికి నా బ్రతుకే సాక్ష్యము. ఆ మాట ముందు చెప్పెదను.

ఆలంపల్లివారి సభకు ఇరువదియెనిమిదేండ్లకు ముందు, కొలది మైళ్ళ దూరములో, మఱియొక సభ జరిగియుండెను. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో వివేకానందస్వామి మాటాడిరి. అప్పటికి ఆయన లోకమునకు తెలియని యువసన్యాసి. రెండు దినములకు ముందు సికింద్రాబాదు పౌరులు నూఱుమంది పాలు, పండ్లు, మిఠాయిలు పట్టుకొని ఆయన బస చేసిన చోటికి వెళ్ళి, ‘మా కళాశాలలో మాటాడవలె’నని వేడిరి. పండిత రతన్‌లాలు గారు అధ్యక్షత వహింపగా వేయిమంది వినిరి. పడమటి దేశములకు తానేల పోవుచున్నాడో ఆయన ఆ సభలో చెప్పిరి. అంతకు ముందు ఇండ్లలో, పందిళ్ళలో నలుగురితో ముచ్చటించుటయే గాని, ఇంతటి మహాసభలో నిలుచుట ఆయనకు క్రొత్త. అదే సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన చికాగోలో వేదికపై కూర్చుండి, గుండె దడదడలాడుచుండగా, నాలుక యెండిపోగా, ఉదయము మాటాడుటకు సాహసింపలేకపోతినని ఆయనయే శిష్యునికి వ్రాసిన లేఖలో చెప్పుకొనిరి. అంతటి వాగ్మికే నాలుక యెండినదన్న మాట మా బోరబండ పిల్లలకు ఎంత ధైర్య మిచ్చునో వర్ణింపజాలను!

సికింద్రాబాదు సభ ఆదరముతో వినినది. హైదరాబాదు సభ గోల చేసి నోరు మూయించినది. ఇవి రెండును ఒక్క నగరమునకు చెందినవే.

మన పూర్వులు ఈ భేదమును చక్కగా ఎఱుగుదురు. వైద్యగ్రంథమగు చరకసంహితలో విమానస్థానమున ఒక అధ్యాయము కలదు. వైద్యునికి వాదముతో నేమి పని యందురేమో! ఒక విద్య నేర్చినవారు తమలో తాము సంభాషించిననే గాని విద్య వాడి యెక్కదని చరకుని మతము. ఆ సంభాష రెండు విధములు: సంధితో, స్నేహముతో చేయునది యొకటి, విగ్రహముతో, గెలుపు కోరి చేయునది రెండవది. అంతటితో విడువక ఆయన సభను గూడ విభజించెను. సభ తెలిసినవారిదో, తెలియనివారిదో చూడవలెను. ఆ రెంటిలో మఱల అది మిత్రసభయా, ఉదాసీనసభయా, పగబట్టిన సభయా యని తెలిసికొనవలెను. పగబట్టిన సభలో, అందు పండితులున్నను సరే, ఎవనితోడను వాదము పెట్టుకొనరాదని ఆయన కట్టడి. ఆలంపల్లివారు ఈ అధ్యాయమును చదివియున్నచో లేచియే యుండరు! చదువలేదు గనుకనో, చదివియు లక్ష్యపెట్టలేదు గనుకనో లేచిరి. మనకు మేలే జరిగినది.

ఇక న్యాయశాస్త్రము. గౌతముని సూత్రములలో వాదము, జల్పము, వితండ మని మూడు కథలు చెప్పబడినవి. సత్యమును తెలియగోరి చేయునది వాదము. గెలుపే గుఱిగా చేయునది జల్పము. తన పక్ష మేదియు నిలుపక ఎదుటివానిని పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. నేటి వార్తాప్రసారములలో రాత్రివేళ నలుగురు కూర్చుండి చేయు కథ ఈ మూటిలో ఏదియో మీరే నిర్ణయించుకొనుడు.

ఒక మాటను నిలువబెట్టుటకు అయిదు అవయవములు కావలెనని ఆ శాస్త్రము చెప్పును. కొండమీది పొగయు నిప్పును శాస్త్రములోని ఉదాహరణము. పిల్లలకు నేను చెఱువు నుదాహరింతును. “మన చెఱువు పూడిక తీయవలెను” - ఇది ప్రతిజ్ఞ. “ఏలన, అందు మన్ను మేట వేసి నీరు నిలుచుట తగ్గినది” - ఇది హేతువు. “మేట వేసిన చెఱువు లన్నియు ఇట్లే పూడికతీతను కోరును, పొరుగూరి చెఱువువలె” - ఉదాహరణము. “మన చెఱువును అట్టిదే” - ఉపనయము. “కావున తీయవలెను” - నిగమనము. ఏడవ తరగతి బాలుడు ఈ మెట్లను రెండు దినములలో పట్టుకొనును. గొంతు పెంచుట, చేతులాడించుట, చప్పట్లకై ఆగుట - వీనిని నేను నేర్పను. అవి నేర్పకయే వచ్చును, వచ్చిన పిదప మాన్పుటకు మాత్రము రెండు వేసవులు పట్టును.

కాని ఆ శాస్త్రమునందు నేను ముఖ్యముగా మ్రొక్కునది వేఱొకటి. వాదములో ఓడిపోవు చోట్లు ఇరువదిరెండని లెక్కించి, వానికి నిగ్రహస్థానములని పేరు పెట్టిరి. అందు ‘అననుభాషణ’ మని ఒకటి కలదు. ఎదుటివాడు తన మాటను మూడుమాఱులు చెప్పెను, సభవారికి అర్థమయినది, అయినను నీవు దానిని మఱల నీ నోట పలుకలేకపోతివి. అంతటితో నీవు ఓడితివి! నీ ఉత్తర మెంత గొప్పదైనను సరే. నేను చదివిన ప్రాచ్యకళాశాలలో మా గురువుగారు వాక్యార్థము చెప్పించుచు, పూర్వపక్షమును సరిగా అప్పగింపనివానిని ఖండనకు పోనీయక కూర్చుండబెట్టువారు. ఆనాడు అది నాకు కఠినముగా తోచెడిది.

మనము శ్రీనాథుని కథను మీసము దువ్వుచు చెప్పుకొందుము. విజయనగరములో డిండిమభట్టును వాదమున గెలిచి, ఆయన కంచుఢక్కను పగులగొట్టించె నని గర్వింతుము. బాగుగనే యున్నది. కాని ఆ వాదములో డిండిమభట్టు ఏమి చెప్పెనో మనలో చెప్పగలవా రెవరు? ఢక్క పగిలిన చప్పుడే గాని ఎదుటి మాట మన చెవిని మిగులలేదు.

మఱల చరిత్రకు వత్తము. నిజాము రాజ్యమున సభ చేయుట సులభము కాదు. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి సభలకు ముందుగా సర్కారువారి అనుమతి పొందవలసి యుండెను. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది ఆ నీడలోనే. తరువాతి మహాసభలు దేవరకొండలో, ఖమ్మములో, సిరిసిల్లలో, షాద్‌నగరులో, నిజామాబాదులో జరిగెను. ఈ పేర్లను గమనింపుడు, ఇవి మీ ఊళ్ళు. రాజధానిలో నవ్వులపాలయిన భాష పల్లెపట్టులలో పందిళ్ళు వేసికొని, వేలమంది ఎదుట నిలిచి మాటాడుటను నేర్చుకొనెను. వాగ్ధోరణికి శిక్షణాలయములు లేని కాలములో ఆ పందిళ్ళే శిక్షణాలయములు.

నగరములోనే మఱియొకరు దీనికంటె ముందే ఆరంభించిరి. భాగ్యరెడ్డివర్మ గారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అస్పృశ్యులనబడిన వారి వాడలలో భజనల ద్వారమునను హరికథల ద్వారమునను జనులను కూడగట్టి, వారి పిల్లలకు బడులు పెట్టిరి. 1917లో బెజవాడ సభకు ఆయన అధ్యక్షులైరి. ఊరి రచ్చబండకు దూరముగా నిలువుమని శాసింపబడినవారు సభాధ్యక్షపీఠమున కూర్చుండి మాటాడుట - అది ఎంతటి సాధనయో రచ్చబండపై పుట్టుకతోనే చోటు దొరకినవారికి తెలియుట కష్టము.

1934లో మఱియొక సంగతి. తెలంగాణములో కవులు లేరని యొకరు వ్రాయగా, సురవరమువారు కోపముతో బదులు చెప్పక, 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఈ మాఱు నవ్విన భాష మరాఠీ కాదు, తెలుగే.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను.

నాలుగు వేసవులకు పూర్వము మా శిబిరమునకు పాలమూరు ప్రాంతమునుండి వలస వచ్చిన కుటుంబములోని బాలిక యొకతె వచ్చెను. ఎనిమిదవ తరగతి. తల్లి ఇండ్లలో పని చేయును, తండ్రి తాపీపని. ఆ దినము వాదవిషయము ‘గ్రామవాసము మేలా, నగరవాసము మేలా’ అనునది. మీరు చిన్ననాడు బడిలో విన్నదే. ఉపాధ్యాయులకు వేఱు విషయము తోచనపుడెల్ల అదియే పెట్టుదురు. ఆ బాలిక లేచి, “మేము పని దొర్కక ఊరిడ్సి వొచ్చినం” అని మొదలు పెట్టెను. వెనుక ఇద్దఱు బాలురు కిసుక్కుమనిరి. వారిని వారింపవలసిన నేను ఏమి చేసితిని? “వొచ్చినం కాదమ్మా, ‘వచ్చితిమి’ అనుము, కాదేని ‘వచ్చినాము’ అనుము” అని సవరించితిని. ఆమె ఆగెను. మఱల మొదలిడెను. మఱల ఒక చోట సవరించితిని. ఈ మాఱు అందఱును నవ్విరి. ఆమె కూర్చుండెను. ఏమియు జరుగనట్లు నేను తరువాతి పేరు పిలిచితిని.

మఱునాడు ఆమె రాలేదు. మూడవనాడును రాలేదు. ఆ మూడవనాడే నేను పిల్లలకు ఆలంపల్లివారి సభను గుఱించి ఉత్సాహముతో చెప్పుచుంటిని. “గోల చేసినవారు చదువుకొన్నవారే” అను మాట నా నోట వచ్చినపుడు నాలుక అచ్చటనే నిలిచిపోయెను. వ్యాకరణము చేత పట్టుకొని నేను చేసినదియు ఆ గోలయే గదా! వారు పరభాషను నవ్విరి. నేను నా భాషనే, అందును నేను పుట్టిన పల్లెలో మా అమ్మ మాటాడిన మాటనే, సభలో నవ్వులపాలు చేసితిని.

నాలుగవ దినమున ఆమె తల్లి పనికి పోవుచు మా వాకిట నిలిచెను. “సార్, పిల్ల మీ తానకి రానంటున్నది. ఇంట్ల గోడ ముందర నిలవడి ఒక్కతే మాట్లాడుతున్నది. ఏమైంది?” అని యడిగెను. ఏమైనదో చెప్పితిని. ఆమె నన్నేమియు అనలేదు. “సాయంత్రం ఇంటికాడ ఉంటది” అని మాత్రము చెప్పి పోయెను.

ఆనాటి నుండి మా శిబిరపు నియమము మాఱినది. మూడు నిమిషములు మాటాడవలెను. నడుమ ఎవరును, ఉపాధ్యాయుడును సైతము, మాట కలుపరాదు. ఇంటి భాషలో మాటాడవచ్చును. గ్రంథభాషను నేర్చుకొనగోరినవారు దానిని వేఱు గంటలో నేర్చుకొందురు. నేను దానిని విడువలేదు, విడువను. ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలు ఉర్దూలో మాటాడినచో పక్కవాడు తెలుగున చెప్పును. పక్షములను చీట్లు తీసి నిర్ణయింతుము. మఱునాడు పక్షములు మార్చుకొందురు. అన్నిటికంటె ముఖ్యమైనది అనుభాషణము. ఉత్తరము చెప్పబోవువాడు, ముందు మాటాడినవాని మాటను వాడు ‘అవును, నేనన్నది ఇదే’ అనునట్లు అప్పగింపవలెను. అనలేదా, కూర్చుండవలెను. మొదటి వారమున సగము మంది కూర్చుండిరి. వాగ్ధాటి గలవారే ముందుగా కూర్చుండిరి. వీరు ఎదుటివాడు మాటాడుచుండగా తమ తరువాతి మాటను పేర్చుకొనుచుందురే గాని విననే వినరు. బడిలో నోరు మెదపని పిల్లలు కొందఱు మాత్రము ఒక్క పలుకు తప్పక అప్పగించిరి.

ఈ నియమము వలన చప్పట్లు తగ్గినవి. కొందఱు తలిదండ్రులకు ఇది నచ్చక పిల్లలను మాన్పించిరి. వేగముగా, నిలువక మాటాడుట నేర్పు చోట్లు నగరములో చాల గలవు, అచ్చటికి పంపిరి. వారిని నేను తప్పు పట్టను. కొలువిచ్చువాడు వినువానికి కొలువిచ్చుట లేదని వారి అనుభవము కావచ్చును.

ఆ సాయంత్రము సంగతి చెప్పి ముగింతును. మూడవ సైటులో రేకుల కప్పు గల గది. బాలిక గడపయొద్ద నిలిచెను. “ఆనాడు నీ మాటను నేను సగములో త్రెంచితిని. ఇపుడు చెప్పుము, నడుమ మాటాడను” అంటిని. చాలసేపు తల ఎత్తలేదు. పిదప గోడవైపు తిరిగియే మొదలిడి, మెల్లగా నావైపు తిరిగెను. మూడు నిమిషములు కాలేదు, రెండే.

నియమము ప్రకారము అప్పగించితిని: “నీవు చెప్పినది, గ్రామవాసమే మేలు, నగరవాసము కష్టము అని.”

“నేను గట్ల అన్లే సార్,” అనెను. “ఊర్ల గూడ నీళ్లకే తిప్పలు. ఈడ గూడ ట్యాంకరు కాడ నీళ్లకే తిప్పలు. గందుకే ఏది మంచిదో చెప్పుడు రాదన్న.”

ముప్పదియేండ్లు ఆ విషయమును పిల్లలచే వాదింపజేసితిని గాని, విషయమే సరియైనది కాదేమో యని ఒకనాడును తోచలేదు. మఱల అప్పగించితిని. ఈ మాఱు ఆమె విని, కొంచెము తలపోసి, “ఆ, గదే” అనెను.

తరువాత, “ఇంక కొంచెం ఉన్నది, చెప్పాల్నా సార్?” అని యడిగెను.

చెప్పుమంటిని.